మొదటి అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌కి పెట్టుబడిదారులను కూడగట్టడం ఎలా? మొహమాటం పెట్టకుండా!

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల బర్త్‌డే పార్టీకి వెళ్లి బిర్యానీ ట్రే దగ్గర నిలబడితే చాలు, పది నిమిషాల్లో మల్టీఫ్యామిలీ, అంటే అపార్ట్‌మెంట్ బిల్డింగుల్లో పెట్టుబడి, మాట వస్తుంది. ఒకాయన పెట్టి బాగుపడ్డానని గట్టిగా చెబుతాడు. పోగొట్టుకున్నాయన ప్లేటు పట్టుకుని మెల్లగా పక్కకు జరుగుతాడు. ఇప్పుడు మీరు ఇద్దరి దగ్గరకీ వెళ్లి, ‘నేనూ ఒక బిల్డింగ్ కొంటున్నాను, మీరూ చేరండి’ అని అడగాలి. ఆ అడగడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇండియాలో ఉండి చదివేవాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో అపార్ట్‌మెంట్ బిల్డింగ్ అంటే ఫ్లాటుకో ఓనరు ఉండడు. ఇరవై నాలుగు ఇళ్లున్న కాంప్లెక్స్ మొత్తానికి ఒకే యజమాని, మిగతా అందరూ అద్దెకున్నవాళ్లే. నాలుగు ఇళ్ల వరకు మామూలు హోమ్ లోన్ వస్తుంది. ఐదో ఇల్లు చేరగానే అది కమర్షియల్ లోన్. అక్కడి నుంచి బ్యాంకు మీ జీతం కన్నా బిల్డింగ్ సంపాదన మీదే ఎక్కువ దృష్టి పెడుతుంది. పది మంది డబ్బు కలిపి ఇలాంటి బిల్డింగ్ కొనడాన్ని ఇక్కడ సిండికేషన్ అంటారు.

మొదటి మెట్టు: అడగబోయే ముందు మీ సంగతి చూసుకోండి

మూడు విషయాలు తేలకుండా ఎవరికీ ఫోన్ చేయకండి.

మీ సొంత డబ్బు ఎంత పెడుతున్నారు? నన్నడిగితే, బయట సేకరించే దానిలో పదో వంతు అయినా మీ జేబులోంచి రావాలి. ‘నీదెంత?’ అని మీ మొహం మీద అడగరు, మనవాళ్ల మొహమాటం అలాంటిది. ఇంటికెళ్లాక భార్యాభర్తలు మొదట మాట్లాడుకునేది మాత్రం అదే.

లోన్‌కి గ్యారంటీ ఎవరు? ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ అనే ప్రభుత్వ అండ ఉన్న సంస్థల పద్ధతి లోన్లలో గ్యారంటీ ఇచ్చేవాళ్ల నికర ఆస్తి దాదాపు లోన్ మొత్తమంత ఉండాలని అడగడం మామూలు. అది కాక చేతిలో రొక్కం చూపించాలి. మీకు అంత లేకపోతే వెనక నిలబడే పెద్దదిక్కు ఒకరు కావాలి. ఇలాంటి బిల్డింగులు ఇప్పటికే నడిపిన అనుభవం ఉన్నవాళ్లు దొరికితే ఇంకా మంచిది. వాళ్లకు వాటా ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వండి. మొదటి బిల్డింగ్‌లో వాటా దగ్గర పిసినారితనం చేసి లోన్ పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మీరు ఏ వీసా మీద ఉన్నారు? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇంకొకరి డీల్‌లో డబ్బు పెట్టి ఊరుకుంటే అది పెట్టుబడి. అదే మీరు బిల్డింగ్ నడిపిస్తూ, ఫీజు తీసుకుంటూ ఉంటే అది పని అవుతుంది, ఆ పనికి మీ వీసా ఒప్పుకోదు. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ముందుకు వెళ్లవద్దు. పది మంది డబ్బు మీ చేతిలో ఉండగా ఈ చిక్కు వస్తే మునిగేది మీరొక్కరే కాదు.

రెండో మెట్టు: చట్టం. ఇది పార్టీలో ఎవరూ చెప్పరు

మీరు అమ్ముతున్నది బిల్డింగ్‌లో వాటా అనుకుంటారు. చట్టం దృష్టిలో మాత్రం మీరు అమ్ముతున్నది సెక్యూరిటీ, అంటే షేరు లాంటిది. ఈ లెక్క 1946లో తేలింది. ఫ్లోరిడాలో హోవీ అనే కంపెనీ నారింజ తోటలను చిన్న చిన్న ముక్కలుగా అమ్ముతూ, సాగు కూడా తామే చేసి లాభం పంచుతామంది. కొన్నవాళ్లలో చాలామంది ఊరు చూడడానికి వచ్చి హోటల్లో దిగినవాళ్లు. వాళ్లకు తోటపని తెలియదు. ఇది భూమి అమ్మకం కాదు, పెట్టుబడి ఒప్పందం అని సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు నలుగురిది, కష్టం ఇంకొకరిది, లాభం మీద ఆశ అందరిదీ అయితే అది సెక్యూరిటీ. మీ డీల్ కూడా సరిగ్గా ఇదే.

కాబట్టి షేర్ల అమ్మకాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎస్‌ఈసీ దగ్గర పూర్తి రిజిస్ట్రేషన్ అయినా చేయాలి, లేదా మినహాయింపు అయినా పట్టుకోవాలి. అందరూ పట్టుకునేది రెగ్యులేషన్ డీ కింద ఉన్న రూల్ 506. దానిలో రెండు దారులున్నాయి.

506-బీ దారిలో ప్రకటన చేయకూడదు. మీకు ముందే పరిచయం ఉండి, వాళ్ల ఆర్థిక పరిస్థితి మీకు తెలిసినవాళ్లనే అడగాలి. అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లు ఎంతమందైనా ఉండొచ్చు. అక్రెడిటెడ్ కానివాళ్లు 35 మందికి మించకూడదు, వాళ్లకూ వ్యవహారం అర్థం చేసుకునే జ్ఞానం ఉండాలి. 506-సీ దారిలో ఫేస్‌బుక్‌లో కూడా చెప్పుకోవచ్చు. అయితే చేరే ప్రతి ఒక్కరూ అక్రెడిటెడ్ అయి ఉండాలి, మాట మీద నమ్మకుండా మీరు దాన్ని రుజువు చూసి నిర్ధారించుకోవాలి.

అక్రెడిటెడ్ అంటే గత రెండేళ్లూ ఏడాదికి 2 లక్షల డాలర్ల పైన, దంపతులైతే కలిపి 3 లక్షల పైన ఆదాయం ఉండి, ఈ ఏడాది కూడా అంత వస్తుందన్న నమ్మకం ఉండాలి. లేదా నికర ఆస్తి 10 లక్షల డాలర్లు దాటాలి. ఉంటున్న ఇల్లు ఇందులో లెక్కకు రాదు. హైదరాబాద్‌లో కొన్న ప్లాటు మాత్రం వస్తుంది. ఇద్దరూ ఐటీలో ఉన్న జంటలు చాలామంది తమకు తెలియకుండానే ఈ గీత దాటేసి ఉంటారు.

మొదటి డీల్‌కి మీకు సరిపడేది 506-బీ. అందుకే ఒక పని అస్సలు చేయవద్దు: తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో డీల్ వివరాలు పెట్టకండి. గ్రూపులో ఉన్న రెండొందల మందీ మీకు తెలిసినవాళ్లు కారు, కాబట్టి అది ప్రకటన కిందికి వస్తుంది. నేను తొలిసారి ఉత్సాహం ఆగక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ గ్రూపులో ఒక ఫొటో, ఒక శాతం రాసి పెట్టాను. పావుగంటలో లాయర్‌కి తెలిసింది. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పోస్టు తీసేయడమే కాదు, ఆ డీల్ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది.

ఇంకొకటి కూడా ఉంది. ‘నేను ఐదుగురిని తెస్తాను, తలకింత ఇవ్వు’ అనే స్నేహితుడు తప్పకుండా తగులుతాడు. బ్రోకర్ లైసెన్సు లేని మనిషికి తెచ్చిన డబ్బును బట్టి కమీషన్ ఇవ్వడం మీకూ అతనికీ ఇద్దరికీ ప్రమాదమే. వద్దని చెప్పండి.

మూడో మెట్టు: పేర్ల పట్టిక, డీల్ దొరకకముందే

పరిచయం ముందు, డీల్ తర్వాత. చట్టం అడిగేది అదే, మర్యాద కూడా అదే. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ఒక ఎక్సెల్ షీట్‌లో పేరు, ఎలా పరిచయం, ఎప్పుడు ఏం మాట్లాడారు, అక్రెడిటెడ్ అవునా కాదా, ఎంతకాలం డబ్బు కదపకుండా ఉంచగలరు అన్నవి తేదీలతో సహా రాసుకోండి. రేపు ఎవరైనా అడిగితే మీకు అండగా నిలిచేది ఆ తేదీలే.

ఎనభై పేర్లు రాస్తే ముప్పై మంది ఆసక్తి చూపిస్తారు, పదిహేను మంది ‘తప్పకుండా’ అంటారు, చివరికి డబ్బు పంపేది ఎనిమిది మంది. ఇది నా అనుభవం, మీకు కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు. అందుకే 10 లక్షల డాలర్లు కావాలంటే 20 లక్షలకు నోటిమాట తీసుకోండి.

పట్టికలోంచి కొందరిని కొట్టేయాలి కూడా. పిల్లాడి కాలేజీ ఫీజు ఏడాదిలో కట్టాల్సినవాళ్లు. ఉద్యోగం ఊగిసలాడుతున్నవాళ్లు. గ్రీన్ కార్డు రాక, ఏ క్షణమైనా సర్దుకుని వెళ్లిపోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌లో ఉన్నవాళ్లు. మీ మీద ప్రేమతో వాళ్లు ‘ఇస్తాం’ అంటారు. అలాంటివాళ్ల దగ్గరే అసలు తీసుకోకూడదు.

నాలుగో మెట్టు: లెక్క. ఇక్కడ ఓపిక పట్టండి

డబ్బున్నవాళ్లను ఒప్పించేది మీ మాటకారితనం కాదు, మీ లెక్క. అందుకే ఉదాహరణకు ఒక బిల్డింగ్ తీసుకుని పూర్తిగా చేసి చూద్దాం.

డాలస్ పక్కనున్న గార్లండ్ లాంటి చోట 24 ఇళ్ల పాత కాంప్లెక్స్ అనుకోండి. అమ్మేవాడు 24 లక్షల డాలర్లు అడుగుతున్నాడు. సగటు అద్దె నెలకు 1,150. ఏడాదికి 3,31,200 అవుతుంది. ఖాళీలు, ఎగవేతలు కలిపి 8 శాతం తీసేస్తే 3,04,700 మిగులుతుంది. ట్యాక్సు, ఇన్సూరెన్స్, రిపేర్లు, మేనేజ్‌మెంట్ అన్నీ కలిపి 1,50,000 ఖర్చు. మిగిలేది 1,54,700.

ధరలో 65 శాతం, అంటే 15 లక్షల 60 వేలు లోన్. వడ్డీ 6.5 శాతం, 30 ఏళ్ల కిస్తీ అనుకుంటే ఏడాదికి సుమారు 1,18,300 కట్టాలి. చేతికి వచ్చేది 36,400.

పెట్టుబడిదారుల నుంచి కావాల్సింది ఎంతో చూద్దాం. ధరలో మిగతా భాగం 8,40,000, క్లోజింగ్ (బిల్డింగ్ మీ పేరున మారే రోజు) ఖర్చులు 70,000, ఇంటికి 5,000 చొప్పున బాగుచేతకు 1,20,000, ఆపద్ధనం 60,000, మీ కొనుగోలు ఫీజు 2 శాతం చొప్పున 48,000. మొత్తం 11,38,000. దాని మీద 36,400 అంటే 3.2 శాతం. బ్యాంకు డిపాజిట్‌కి పోటీ పడడమే కష్టం.

ఇళ్లు బాగుచేసి అద్దె 125 పెంచితే? ఖాళీలు, మేనేజ్‌మెంట్ పోను ఏడాదికి ఇంకో 32,000 చేరుతుంది. అప్పుడు 68,400 మిగులుతుంది, అంటే 6 శాతం. మీరేమో కరపత్రంలో 7 శాతం ప్రిఫర్డ్ రిటర్న్ (లాభంలో ముందు పెట్టుబడిదారులకు ఇచ్చే వాటా) అని రాశారు. రెండేళ్లు కష్టపడ్డాక కూడా ఆ మాట నిలవదు.

ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే ఎక్సెల్‌లో అద్దె ఇంకో యాభై పెంచుతారు, ఖాళీలు 5 శాతానికి దించుతారు. కాగితం అందంగా తయారవుతుంది. ఆ పని చేయకండి. అంకె మార్చాల్సింది ధర గడిలో. ఇదే బిల్డింగ్ 21 లక్షలకు వస్తే లోన్ 13,65,000, కిస్తీ 1,03,500, మొదటి ఏడాది మిగిలేది 51,200. కావాల్సిన పెట్టుబడి 10,27,000కి తగ్గుతుంది. మొదట్లో 5 శాతం, బాగుచేశాక 8.1 శాతం. ఇప్పుడు 7 శాతం మాటకు కాళ్లొచ్చాయి. అమ్మేవాడు 21కి దిగకపోతే దండం పెట్టి వచ్చేయండి. ఒక డీల్ వదిలేసి వచ్చి, ఎందుకు వదిలేశానో పట్టికలో ఉన్నవాళ్లకు చెప్పండి. నాకు మొదటి నలుగురు పెట్టుబడిదారులు దొరికింది అలా వదిలేసిన డీల్ కథ చెప్పినప్పుడే.

టెక్సాస్‌లో రెండు గుంతలు ప్రత్యేకంగా ఉన్నాయి. ఇక్కడ రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఆ బరువు చాలావరకు ప్రాపర్టీ ట్యాక్స్ మీద పడుతుంది. అమ్మేవాడి గత పన్నెండు నెలల ఖర్చుల పట్టిక, అదే టీ-12లో కనిపించే ట్యాక్సు పాత విలువ మీద కట్టింది. మీరు కొన్నాక కౌంటీ వాళ్లు విలువ పెంచుతారని అనుకుని, కొత్త విలువ మీద లెక్క వేయండి. రెండోది ఇన్సూరెన్స్. వడగళ్లు పడే ప్రాంతం కాబట్టి పాత బిల్లు నమ్మవద్దు, ఆఫర్ ఇచ్చేముందే ఏజెంటు దగ్గర కొత్త కొటేషన్ తీసుకోండి.

వడ్డీ సంగతి వేరే చెప్పాలా? 2022 మార్చి మొదట్లో ఫెడరల్ రిజర్వ్ రేటు దాదాపు సున్నా. 2023 జూలైకి 5.25 నుంచి 5.50 శాతానికి చేరింది. మారే వడ్డీ మీద అప్పు తెచ్చి బిల్డింగులు కొన్న సిండికేషన్లు ఎన్నో డాలస్, హ్యూస్టన్‌లలో చతికిలపడ్డాయి. కొన్నిచోట్ల మళ్లీ డబ్బు పంపండని పెట్టుబడిదారులకు ఉత్తరాలు వచ్చాయి, కొన్నిచోట్ల అసలు సొమ్మే పోయింది. బిర్యానీ ట్రే దగ్గర నుంచి పక్కకు జరిగినాయన కథ అదే. అందుకే ఇప్పుడు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ‘ఫిక్స్‌డా, ఫ్లోటింగా?’ అన్నది. మొదటి బిల్డింగ్‌కి ఫిక్స్‌డ్ తప్ప ఇంకోటి వద్దని నా మాట.

ఐదో మెట్టు: అడగడం

పార్టీలో అడగవద్దు. గుడిలో అసలే అడగవద్దు. ఫోన్ చేసి ఇంటికి వెళ్లండి, ఇద్దరూ ఉన్నప్పుడే మాట్లాడండి. అన్నయ్య ఒక్కడికే చెప్పి, వదినగారికి తెలియకుండా వచ్చిన 50 వేలు ఎప్పటికీ సుఖంగా ఉండనివ్వవు.

మాట ఇలా మొదలుపెట్టొచ్చు: ‘అన్నా, గార్లండ్‌లో 24 ఇళ్ల బిల్డింగ్ చూస్తున్నాను. కనీసం 50 వేలు, ఐదేళ్ల దాకా వెనక్కి రావు. డబ్బు మొత్తం పోయే అవకాశం కూడా ఉంది, అదెలాగో ముందు చెబుతాను. నాకిది మొదటి బిల్డింగ్. కాగితాలు ఇచ్చి వెళ్తాను, వారం తర్వాత నేను ఫోన్ చేయను, మీకు కావాలనిపిస్తే మీరే చేయండి. చేయకపోయినా సంక్రాంతికి మీ ఇంటికొచ్చి అరిసెలు తింటాను.’

ఆ చివరి రెండు మాటలే ముఖ్యం. మనవాళ్లకు ఎదురుగా వద్దని చెప్పడం రాదు. ‘చూద్దాంలే’ అంటారు, లేదా ఇష్టం లేకుండానే ఇచ్చేస్తారు. అలా ఇచ్చిన డబ్బు మొదటి పంపిణీ ఆలస్యమైన నెలలోనే గొడవవుతుంది. వద్దనడానికి వాళ్లకు దారి మీరే తెరిచి పెట్టాలి. వారం తర్వాత వాళ్లంతట వాళ్లు ఫోన్ చేశారంటే, ఆ డబ్బు గట్టిది.

పెద్దవాళ్లు ‘నూటికి ఎంత పడుతుంది?’ అని అడుగుతారు. 7 శాతం అంటే నెలకు నూటికి 60 పైసలు కూడా పడదు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అలవాటుపడిన మావయ్యగారికి అది నవ్వులాటగా ఉంటుంది. ఆయనకు ఓపిగ్గా చెప్పాల్సింది, ఇది ప్రామిసరీ నోటు కాదని. ప్రిఫర్డ్ రిటర్న్ అంటే వడ్డీ కాదు, హామీ కూడా కాదు. లాభం వస్తే ముందు వాళ్లకు 7 శాతం ఇచ్చాకే మీ వాటా తీసుకుంటారని అర్థం. ఆ పైన మిగిలింది వాళ్లకు 70, మీకు 30 అని పంచుకోవడం మామూలు. ఈ తేడా ఆయన నోటితో తిరిగి చెప్పించుకునే దాకా చెక్కు తీసుకోవద్దు.

ట్యాక్సు మీద గొప్పలు పోకండి. ఇళ్ల తరుగుదల 27.5 ఏళ్ల మీద చూపిస్తారు, కొన్ని భాగాలకు ముందే ఎక్కువ చూపించే వీలుంది. అందువల్ల కె-1 ఫారంలో, అంటే ట్యాక్సు కోసం ఒక్కొక్కరి వాటా లాభనష్టాలు చూపే కాగితంలో, నష్టం కనిపిస్తుంది. కానీ ఆ నష్టం మామూలుగా జీతం మీద తగ్గదు, వేరే ప్యాసివ్ ఆదాయం (ఇలా తాము నడపని పెట్టుబడుల మీద వచ్చేది) మీదే తగ్గుతుంది. ‘మీ డబ్ల్యూ-2 (జీతం) ట్యాక్సు పోతుంది’ అని చెప్పి డబ్బు తీసుకుంటే వచ్చే ఏప్రిల్‌లో వాళ్ల సీపీఏ, అంటే ట్యాక్సు లెక్కలు చూసే ఆడిటర్, మీ పరువు తీస్తాడు.

ఆరో మెట్టు: కాగితాలు, డబ్బు

సెక్యూరిటీస్ లాయర్ చేసి ఇచ్చేవి ముఖ్యంగా మూడు. నష్టాలన్నీ విప్పి చెప్పే పీపీఎం, ఎవరికి ఏ హక్కు ఉందో రాసే ఆపరేటింగ్ అగ్రిమెంట్, వాళ్లు సంతకం చేసే సబ్‌స్క్రిప్షన్ అగ్రిమెంట్. ఇంటి రిజిస్ట్రేషన్ చేసే లాయర్‌కి ఈ పని అప్పగించవద్దు. మొదటి పెట్టుబడిదారు వెనక్కి తగ్గలేని విధంగా ఒప్పందానికి కట్టుబడిన 15 రోజుల్లో ఎస్‌ఈసీకి ఫారం డీ పంపాలి, పెట్టుబడిదారులున్న రాష్ట్రాలకూ నోటీసు వెళ్లాలి.

డబ్బు మీ సొంత ఖాతాకు ఒక్క డాలరు కూడా రాకూడదు, ఫోన్‌లో డబ్బు పంపే జెల్ అసలే వద్దు. బిల్డింగ్ కోసం పెట్టిన ఎల్ఎల్‌సీ (కంపెనీ) పేరున విడిగా తెరిచిన ఖాతాకే రావాలి. వైర్ (బ్యాంకు బదిలీ) వివరాలు ఈమెయిల్‌లో పంపి ఊరుకోకండి. మధ్యలో నంబరు మార్చి డబ్బు కొట్టేసే దొంగలున్నారు. పంపేముందు మీకు ఫోన్ చేసి నంబరు చదివి సరిచూసుకోమని ప్రతి ఒక్కరికీ చెప్పండి. కాంట్రాక్టు కుదిరాక క్లోజింగ్‌కి రెండు నెలలే ఉంటాయి, అందులో మొదటి నెల తనిఖీలకే పోతుంది. డబ్బు క్లోజింగ్‌కి పది రోజుల ముందే ఖాతాలో ఉండేలా తేదీ పెట్టుకోండి. ఆఖరి వారంలో ఒకరిద్దరు తప్పుకుంటారు. అది తప్పదు, అందుకే ఇరవై లక్షల నోటిమాట తీసుకోమన్నది.

ఏడో మెట్టు: క్లోజింగ్ అయ్యాక

ప్రతి నెలా పదో తారీఖున ఒక పేజీ ఈమెయిల్ రాయండి. ఎన్ని ఇళ్లు నిండి ఉన్నాయి, అద్దె ఎంత వసూలైంది, ఏం పాడైంది. బాయిలర్ పగిలిన నెల కూడా రాయండి, ఆ నెల అది మొదటి వాక్యంలోనే ఉండాలి. కె-1లు మార్చి 15కి ఇవ్వాలి. గడువు పొడిగిస్తే సెప్టెంబరు దాకా ఆగాలి, అప్పుడు వాళ్లూ తమ ట్యాక్స్ రిటర్న్ ఆపుకోవాలి. ఆ సంగతి ఫిబ్రవరిలోనే చెప్పేయండి.

రెండో ఏడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: ‘తమ్ముడూ, ఊళ్లో నాన్నకి ఆపరేషన్, నా యాభై వేలు వెనక్కిస్తావా?’ ఆ డబ్బు గోడల్లో ఉంది, మీ దగ్గర లేదు. ఆపద్ధనం ఖాతాలోంచి తీసి ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి, అది మిగతావాళ్లందరిది. వాటా ఇంకొకరికి బదిలీ చేసే సెక్షన్ ఒకటి ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో ముందే రాయించి పెట్టుకోండి. అదే రోజు లాయర్‌కి ఒక మాట చెప్పి, మిగతా పెట్టుబడిదారులకు ‘ఒకరి వాటా వచ్చింది, ఎవరికైనా కావాలా?’ అని ఈమెయిల్ పంపండి. పేరు, కారణం రాయవద్దు.